‘ఖండాలు కదలడం ఎవరు చూశారు?’ అంటున్నారు మామయ్యగారు

పేరు వద్దన్న ఒక పాఠకురాలు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. కుదించి ఇస్తున్నాను.

ఆవిడ హైస్కూల్లో సోషల్ టీచరు. ఇంట్లో భర్త, తొమ్మిదో తరగతి చదివే కొడుకు, ఎనభై దాటిన మామగారు. మామగారు 1960ల మొదట్లో జియాలజీలో ఎమ్మెస్సీ చేశారు. ఆ వెంటనే వేరే ఉద్యోగం రావడంతో చదువు అక్కడే ఆగింది గానీ, రాళ్ల మీద ఇష్టం మాత్రం పోలేదు. గ్రానైటుకీ బసాల్టుకీ తేడా మనవడికి నేర్పింది, భూతద్దం చేతికిచ్చి రాతిలో స్ఫటికాలు చూపించింది ఆయనే.

గొడవ ఖండ చలనం పాఠంతో మొదలైంది. పిల్లవాడు ఆ పాఠం తీసుకెళ్లి తాతగారిని అడిగాడు. ఆయన నవ్వి, “రెండు ఖండాల అంచులు అతుకుతున్నాయని ఇంత కథ అల్లారు. అంత పెద్ద భూభాగాన్ని నెట్టే బలమేది? ఎవరు కొలిచారు? నా ఎనభై ఏళ్లలో మ్యాపు మారిందా?” అన్నారు. వాడు పరీక్షలో “ఇది ఊహ మాత్రమే, రుజువు లేదు” అని రాసొచ్చాడు. మార్కులు పోయాయి. ఆ రాత్రి ఈవిడ ఉండబట్టలేక, “మీ చదువు మీ కాలంతోనే పోయింది మామయ్యగారూ, వాడి బుర్ర పాడు చేయకండి” అనేశారు. ఆయన కోప్పడలేదు. “సరేనమ్మా, నీ దగ్గరున్న రుజువేంటో చెప్పు” అన్నారు. అతుకుతున్న అంచులు తప్ప ఈవిడకి మరేమీ తోచలేదు. ఆ రోజు నుంచి ఆయన మనవడికి పాఠం చెప్పడం మానేశారు. వాడూ తాత గదిలోకి వెళ్లడం తగ్గించాడు. భర్తేమో, “ఖండాలు కదిలితే ఎవడికి, కదలకపోతే ఎవడికి?” అంటూ తప్పుకుంటున్నారు.

ఆవిడ అడుగుతున్నది: “ఈ వయసులో ఆయన్ని ఒప్పించడం అయ్యే పనేనా? వదిలేస్తే పిల్లవాడికి తప్పు నేర్పినట్టు కాదా? అసలు ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతూ, రుజువు అడిగితే నోరు పెగలని నేను ఆయన్ని ఏ మొహంతో తప్పు పట్టను?”

జవాబు:

అమ్మా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగిలిన రెండూ దాంట్లోనే చిక్కుకుని ఉన్నాయి.

మామయ్యగారు అడిగిన మూడూ మంచి ప్రశ్నలే. అంచుల అతుకు యాదృచ్ఛికం కావచ్చు కదా, నెట్టే బలమేది, ఎవరు కొలిచారు? ఆయన కాలేజీలో ఉన్న రోజుల్లో పేరున్న భూగర్భ శాస్త్రవేత్తలు అడిగినవి సరిగ్గా ఇవే. జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912 జనవరిలో ఖండాలు కదులుతాయని చెప్పినప్పుడు, ఆయన దగ్గర ఆధారాలు చాలానే ఉన్నాయి. కదిలించే బలం దగ్గరికి వచ్చేసరికి మాత్రం భూమి తిరగడం వల్ల పుట్టే బలం, చంద్రుడి ఆకర్షణ అన్నారు. అవి ఆ పనికి ఎంతమాత్రం చాలవని బ్రిటిష్ గణితవేత్త హెరాల్డ్ జెఫ్రీస్ లెక్క కట్టి చూపించారు. కొలత సంగతి ఇంకా ఇబ్బందికరం. గ్రీన్‌లాండ్ ఏడాదికి పదుల మీటర్లు జరుగుతోందని వెగెనర్ చూపించిన లెక్కలు ఆనాటి పరికరాల పొరపాట్లు. 1930లో ఆయన ఆ గ్రీన్‌లాండ్ మంచు మీదే చనిపోయారు. అప్పటికి ఈ వాదాన్ని నమ్మినవాళ్లు చాలా తక్కువ.

కాబట్టి మామయ్యగారు ఆ రోజుల్లో నేర్చుకున్నది ఆ రోజుల్లో సరైన చదువే. తూకం మార్చిన ఆధారాల్లో చాలా భాగం 1963 నుంచి 1968 మధ్య బయటికొచ్చాయి, అంటే దాదాపుగా ఆయన కాలేజీ గేటు దాటాక. “మీ చదువు మీ కాలంతోనే పోయింది” అన్న మీ మాటలో అంత నిజం ఉంది. అయితే ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనకి ఎవరూ కూర్చుని చెప్పలేదు. మీకూ ఎవరూ చెప్పలేదు, పాఠంలో ముగింపు వాక్యం ఇచ్చి ఊరుకున్నారు. ఆ రాత్రి ఒకే లోటు ఉన్న ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చున్నారు, అంతే.

ఇప్పుడు రుజువుల సంగతి. దక్షిణ అమెరికా, ఆఫ్రికా అంచుల నుంచి మాత్రం మొదలుపెట్టకండి. అది అందరికంటే ముందు గుర్తొచ్చే వాదన, విడిగా చూస్తే అన్నిటికంటే బలహీనమైనది కూడా. శిలాజాలతో మొదలుపెట్టినా లాభం తక్కువ, ఎందుకంటే వాటికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు ఇండియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా బొగ్గు పొరల్లో దొరుకుతాయి. “ఒకప్పుడు మధ్యలో భూమి వంతెనలు ఉండేవి, తర్వాత సముద్రంలో మునిగాయి” అనేవారు ఆ కాలపు ప్రొఫెసర్లు. (ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా లాగిన బండి మీద 16 కిలోల రాళ్లు దొరికాయి. వాటిలో గ్లోసోప్టెరిస్ ఉంది. అదీ 1912లోనే.)

అసలు జవాబు నేల మీద దొరకలేదు, సముద్రం అడుగున దొరికింది. 1952 ప్రాంతంలో న్యూయార్క్ దగ్గరి ఒక పరిశోధనశాలలో మేరీ థార్ప్ అనే ఆవిడ అట్లాంటిక్ లోతుల కొలతలను కాగితం మీద గీస్తున్నారు. ఆడవాళ్లను అప్పట్లో ఆ కొలతలు తీసే ఓడలు ఎక్కనిచ్చేవారు కాదు, మగవాళ్లు తెచ్చిన అంకెలే ఆవిడకి ఆధారం. సముద్రం మధ్య పర్వతశ్రేణి ఉందని ముందే తెలుసు. దాని శిఖరం పొడవునా లోతైన పగులు లోయ ఒకటి పోతోందని ఆవిడ గమనించారు. అక్కడ నేల రెండుగా విడిపోతోందని దానర్థం. సహోద్యోగి బ్రూస్ హీజెన్ దాన్ని ఆడవాళ్ల కబుర్ల కింద కొట్టిపారేశారు. తర్వాత సముద్రపు భూకంప కేంద్రాలను అదే స్కేలులో గీయించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, భూకంపాలన్నీ ఆ లోయ వెంబడే వరసగా కనిపించాయి. హీజెన్ ఒప్పుకోక తప్పలేదు.

ఆ పగులు దగ్గర కింద నుంచి లావా వచ్చి గడ్డకట్టి, కొత్త నేలగా మారి, రెండు వైపులకీ జరుగుతూ ఉంటుందని 1962లో అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త హ్యారీ హెస్ రాశారు. బాగుంది, మరి రుజువో? 1963లో ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఒక పరీక్ష చెప్పారు. దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి, మీకు బాగా పనికొచ్చేది ఇదే.

లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నెటైట్ లాంటి సూక్ష్మ ఖనిజ కణాలు ఆనాటి భూమి అయస్కాంత దిశను పట్టుకుని అలాగే బిగుసుకుపోతాయి. భూమి అయస్కాంత క్షేత్రమేమో అప్పుడప్పుడూ తలకిందులవుతుంది. చివరిసారి అలా జరిగి దాదాపు 7 లక్షల 80 వేల ఏళ్లయింది. ఈ తారుమార్ల తేదీలు నేల మీది లావా పొరల్లోంచి విడిగా లెక్క తేలాయి. హెస్ చెప్పింది నిజమైతే, సముద్రపు అడుగున పగులుకి రెండు పక్కలా మామూలు దిశ ఒక చార, తలకిందుల దిశ ఒక చార, మళ్లీ మామూలు చార ఉండాలి. కుడివైపు ఎంత వెడల్పు చారలుంటే ఎడమవైపూ దాదాపు అంతే ఉండాలి. అలా కనిపించకపోతే సిద్ధాంతం అక్కడితో సరి. 1966 నాటికి ఎల్టానిన్ అనే ఓడ దక్షిణ పసిఫిక్‌లో తెచ్చిన కొలతలు పరిచి చూశారు. కాగితాన్ని మధ్యకి మడిస్తే రెండు సగాలూ కలిసిపోయేంత సరిగ్గా ఉన్నాయి ఆ చారలు. అప్పటిదాకా అనుమానించిన చాలామంది ఆ ఒక్క పటంతో మారిపోయారు.

1968లో గ్లోమర్ చాలెంజర్ ఓడ దక్షిణ అట్లాంటిక్ అడుగున వరసగా డ్రిల్లింగ్ చేసింది. పగులు దగ్గర మట్టి పొర పలచగా, కొత్తగా ఉంది. దూరం పోయేకొద్దీ అడుగుపొర వయసు క్రమంగా పెరిగింది. ప్రపంచంలో పెద్ద సముద్రాల అడుగు ఎక్కడ తవ్వినా వయసు దాదాపు 18 కోట్ల ఏళ్లు దాటదు. ఖండాల మీద 400 కోట్ల ఏళ్ల రాళ్లున్నాయి. సముద్రాలు ఖండాలంత పాతవైతే వాటి అడుగు ఇంత లేతగా ఎందుకుంది? భూమి వంతెనల వాదన ఇక్కడ నిలవదు.

ఇక ఆయన పట్టుబట్టే ‘బలమేది’ అన్న ప్రశ్న. ఖండం సముద్రపు అడుగును చీల్చుకుంటూ పోవాలని వెగెనర్ అనుకున్నారు, జెఫ్రీస్ కాదన్నది దాన్ని. ఆ విషయంలో జెఫ్రీసే కరెక్టు. ఖండం దేన్నీ చీల్చుకుని పోదు. గడ్డకట్టిన సరస్సులో మంచు పలకలో ఇరుక్కున్న దుంగ ఆ పలకతోపాటే కదిలినట్టు, ఖండం తనని మోస్తున్న పలకతో, అంటే భూమి పైపెంకులోని పెద్ద ముక్కతో, కలిసి పోతుంది. పలక రెండో కొసన చల్లబడి, బరువెక్కి, సముద్రపు లోతైన అగాధాల దగ్గర లోపలికి జారుతూ మిగతా పలకను లాగుతుంది. అలా జారే చోట భూకంపాలు దాదాపు 700 కిలోమీటర్ల లోతు దాకా, ఏటవాలు వరసలో నమోదవుతాయి. జపాన్ కింద, దక్షిణ అమెరికా పశ్చిమ తీరం కింద ఇది చక్కగా కనిపిస్తుంది.

కొలత గురించి అడిగితే ఇప్పుడు తడుముకోనక్కర్లేదు. 1980ల నుంచి అట్లాంటిక్‌కి అటూ ఇటూ ఉన్న రేడియో టెలిస్కోపులు అంతరిక్షంలో ఒకే సుదూర రేడియో మూలాన్ని (క్వాజార్‌ని) చూస్తూ, సంకేతం చేరే సమయంలో తేడాను బట్టి తమ మధ్య దూరాన్ని కొలిచాయి. యూరప్, ఉత్తర అమెరికా ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు దూరమవుతున్నాయని తేలింది. ఆ తర్వాత జీపీఎస్‌తో అన్ని ఖండాల మీదా వేల చోట్ల కొలుస్తున్నారు. ఇండియా ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి పోతోంది. మరి ఎనభై ఏళ్లలో మ్యాపు మారలేదేం? ఏడాదికి రెండున్నర సెంటీమీటర్లు వేసుకున్నా, ఎనభై ఏళ్లకు రెండు మీటర్లు. ఏ అట్లాసులో కనిపిస్తుంది? అదే వేగాన్ని 18 కోట్ల ఏళ్లకు వేస్తే 4,500 కిలోమీటర్లు వస్తుంది. ఉత్తర అట్లాంటిక్ వెడల్పు దానికి అటూ ఇటూగానే ఉంది. వేగం అన్ని కాలాల్లో ఒకేలా లేదు గనక లెక్క అచ్చుగుద్దినట్టు కుదరదు. అయినా రాళ్ల వయసుతో వేసిన లెక్కా, టెలిస్కోపుతో కొలిచిన లెక్కా ఇంత దగ్గరికి రావడం మాత్రం ఆలోచించాల్సిందే. ఈ గుణకారం మీ అబ్బాయి చేత చేయించండి.

ఇవన్నీ చేతిలో ఉన్నాక ఏం చేయాలి? మీ ముందు కొన్ని దారులున్నాయి, దేని ఇబ్బంది దానిదే.

మీరే కూర్చుని వరసగా చెప్పొచ్చు. ఆయన వింటారు కూడా. కానీ అది ఆ రాత్రి గొడవకి రెండో భాగం అయ్యే ప్రమాదముంది. ఓడిపోయిన కోడలు సిద్ధమై వచ్చిందన్నట్టు కనిపిస్తే, ఆయన ఆధారం మీద కాకుండా మీ మీద వాదిస్తారు. పిల్లవాడి చేత చెప్పించడం ఇంకా సులువుగా అనిపిస్తుంది. వద్దు. వాడిప్పటికే మీ ఇద్దరి మధ్య నలిగాడు. తాతని ఓడించడానికి అమ్మ పంపిందని ఏదో ఒక రోజు వాడికే అర్థమవుతుంది. మూడోది, తాతగారి ముందు తలూపి, చాటుగా వాడికి సరైనది చెప్పడం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే, దీనివల్ల పరీక్ష గట్టెక్కుతుంది. కాకపోతే పెద్దాయనతో నిజం మాట్లాడక్కర్లేదనీ, ఆయన్ని ఊరికే ఓదారుస్తూ ఉండాలనీ వాడు నేర్చుకుంటాడు. రాళ్లు నేర్పిన మనిషికి అది పెద్ద అవమానం.

నాకు నచ్చిన దారి నాలుగోది: ఆయన సాయం అడగండి. నటించమనడం లేదు, నిజంగానే మీకు ఆయన సాయం అవసరం. దక్కన్ లావా రాళ్ల అయస్కాంతత్వం గురించి అడగండి. 1950ల్లో, అంటే ఆయన కాలేజీలో చేరకముందే, లండన్‌లో పాట్రిక్ బ్లాకెట్ ప్రోత్సాహంతో పనిచేసిన జాన్ క్లెగ్ బృందం ఆ బసాల్టు నమూనాలను కొలిచింది. అయస్కాంత క్షేత్రం భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా ఉంటుంది, ధ్రువాల వైపు పోయేకొద్దీ నిలువుగా వాలుతుంది. కాబట్టి రాతిలో బిగిసిన వాలును బట్టి, అది చల్లారినప్పుడు ఏ అక్షాంశం మీద ఉందో చెప్పొచ్చు. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి ఆ రాళ్లు తాము సుమారు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర పుట్టామని చెబుతున్నాయి. ఇప్పుడవి ఉన్నది భూమధ్యరేఖకి ఉత్తరాన. బసాల్టు గురించి మీకంటే, నాకంటే ఆయనకి ఎక్కువ తెలుసు. “ఇది ఎలా సాధ్యం మామయ్యగారూ, కొలిచినవాళ్లు పొరబడ్డారా?” అని అడగండి.

ఆయన వెంటనే “ఖండమే ఎందుకు జరగాలి, ధ్రువమే జరిగి ఉండొచ్చు కదా” అంటారు. మంచి ప్రశ్నే, రాళ్ల అయస్కాంతత్వం మీద పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త కీత్ రంకార్న్ కూడా మొదట్లో అలాగే అనుకున్నారు. ధ్రువం జరిగి ఉంటే అన్ని ఖండాల రాళ్లూ ధ్రువం నడిచిన ఒకే దారిని చూపించాలి. యూరప్ రాళ్లు ఒక దారి చూపిస్తే, ఉత్తర అమెరికా రాళ్లు దానికి పక్కగా మరో దారి చూపించాయి. అట్లాంటిక్‌ని మూసేస్తే ఆ రెండు దారులూ ఒకటవుతాయి. 1956లో రంకార్న్ అభిప్రాయం మార్చుకున్నారు. ఈ జవాబు ఆయన అడిగాకే చెప్పండి, ముందే చెప్పేస్తే ఆయనకి ఆలోచించే పని మిగలదు.

వాదనలో ఆయన గెలిచే చోట్లూ ఉన్నాయి, అక్కడ ఒప్పుకోండి. పలకల్ని కదిలించడంలో కిందికి జారే కొస వాటా ఎంత, లోపలి మాంటిల్ (పైపెంకు కింది వేడి రాతి పొర) ప్రవాహం వాటా ఎంత అన్నది ఇంకా తేలలేదు. ఈ పలకల కదలిక భూమి చరిత్రలో ఎప్పుడు మొదలైందన్న దాని మీదా శాస్త్రవేత్తలు వంద కోట్ల ఏళ్లకు పైగా తేడాతో పోట్లాడుకుంటున్నారు. కదులుతున్నాయా లేదా అన్న దాని మీద మాత్రం పోట్లాట లేదు.

దీనికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ఆ రాత్రి మాటకి క్షమాపణ విడిగా చెప్పండి, దాంట్లో ఖండాల ప్రసక్తి తేకండి. “మీరు రుజువు అడిగారు, నా దగ్గర లేదు, ఆ ఉక్రోషంలో అలా అన్నాను” అంటే చాలు. క్షమాపణా, పాఠమూ ఒకేసారి పెడితే రెండూ చెడతాయి.

మీ వారి ‘ఎవడికి’ అన్న ప్రశ్నకి చిన్న జవాబుంది. ఆస్ట్రేలియా ఏడాదికి 7 సెంటీమీటర్లు కదులుతోంది. 1994లో స్థిరపరచిన అక్కడి మ్యాపు అక్షాంశ రేఖాంశాలకీ, నిజంగా నేల ఉన్న చోటుకీ 2020 నాటికి 1.8 మీటర్ల తేడా వచ్చింది. డ్రైవర్ లేని ట్రాక్టరుకి అది పక్క సాలు. దేశం మొత్తం కొలతల్ని మార్చుకోవాల్సి వచ్చింది.

ఇంత చేసినా ఆయన కాదంటే? కావచ్చు. హెరాల్డ్ జెఫ్రీస్ 1989 దాకా బతికారు, చారలూ డ్రిల్లింగూ కొలతలూ అన్నీ చూశారు, చివరిదాకా ఒప్పుకోలేదు. భూమి కేంద్రకం ద్రవరూపంలో ఉందని 1926లోనే వాదించి నిలబెట్టిన మనిషి ఆయన. ఆ పని విలువ దీంతో తగ్గలేదు. మామయ్యగారు ఒప్పుకోకపోతే, “తాతగారు ఈ విషయంలో ఒప్పుకోవడం లేదు, ఆధారాలు మాత్రం ఇవి” అని ఆయన ఎదురుగానే వాడికి చెప్పండి. గొంతు పెంచకుండా చెబితే ఆయన ఏమీ అనుకోరని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది. రుజువు అడిగిన మనిషి కదా.

పోయిన మార్కుల కోసం స్కూల్లో అడగొద్దు, వాడు రాసింది తప్పే. అయితే వాడు రుజువు కావాలన్నందుకు తిట్టకండి. ఈసారి రాసేటప్పుడు అతుకుతున్న అంచులతో ఆపకుండా సముద్రం అడుగు చారలు, డ్రిల్లింగ్‌లో తేలిన వయసులు, జీపీఎస్ కొలతలు రాయమనండి. అర పేజీకి మించదు.